సౌత్ ఆఫ్రికా వేటకి తుపాకి తీసుకెళ్ళాలంటే పర్మిట్ ఎలా? నాన్న లైసెన్స్ గన్ పనికొస్తుందా?

బ్రాడీపేట_కుర్రోడు:

అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు. మా పెద్ద బావ డల్లాస్‌లో ఉంటాడు, అక్కడ ఐదారేళ్ళ నుంచి జింకల సీజన్‌లో ఫ్రెండ్స్‌తో వేటకి వెళ్తున్నాడు, ఈసారి జూన్‌లో సౌత్ ఆఫ్రికాలో లింపోపో వైపు ఏడు రోజుల హంటింగ్ ట్రిప్ బుక్ చేసుకున్నాడు, నువ్వు కూడా రారా అన్నాడు. తను అమెరికా నుంచి, నేను హైదరాబాద్ నుంచి వెళ్ళి జొహానెస్‌బర్గ్‌లో కలవాలని ప్లాన్.

నా డౌట్ ఏంటంటే మా ఇంట్లో 315 రైఫిల్ ఉంది. తాతయ్య తీసుకున్నది. మాచర్ల దగ్గర మా పొలంలో అడవి పందులు పడి మొక్కజొన్న, వేరుశనగ మొత్తం తొక్కేసేవని అప్పట్లో పంట కాపలాకి లైసెన్స్ ఇచ్చారంట, తాతయ్య పోయాక నాన్న పేరు మీదకి మారింది. ఇప్పుడు దాన్ని పేల్చేవాళ్ళు ఎవరూ లేరు. ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేయడం, కోడ్ అయిపోయాక రసీదు చూపించి తెచ్చుకోవడం, ఎప్పుడన్నా ఆదివారం పూట నాన్న వరండాలో పాత పంచె పరుచుకుని గొట్టంలోంచి నూనె గుడ్డ లాగి తుడిచి మళ్ళీ బీరువాలో పెట్టడం, అంతే. కానీ నాన్నకి ఒక కోరిక ఉంది, వాళ్ళ నాన్న తుపాకి ఒక్కసారన్నా కొడుకు చేతుల్లో వేటకి వెళ్ళాలని. తీసుకెళ్ళగలవేమో కనుక్కోరా అన్నారు.

దీన్ని నేను ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళొచ్చా? అక్కడ దింపుకోవడానికి పర్మిట్ ఎవరిస్తారు? బావ తన రైఫిల్ తెస్తానంటున్నాడు, తనకేం కాగితాలు కావాలి? ఏజెంట్ ఒకాయన్ని అడిగితే టికెట్లు ముందు తీసుకోండి మిగతావి తర్వాత చూద్దాం అన్నాడు, అది నాకు నచ్చలేదు అందుకే ఇక్కడ అడుగుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కృష్ణలంక_రావు:

తమ్ముడూ, నాది విజయవాడ, నాకూ లైసెన్స్ ఉంది, పదిహేనేళ్ళుగా రెన్యువల్ చేయించుకుంటున్నా కాబట్టి ఇండియా వైపు సంగతి నేను చెప్తా. ముందు ఒకటి బాగా గుర్తుపెట్టుకో, లైసెన్స్ నాన్నగారిది, నీది కాదు. కన్నకొడుకువైనా సరే ఆ రైఫిల్ కారులో వేసుకుని నువ్వొక్కడివే గన్నవరం దాకా వెళ్ళినా ఆయుధాల చట్టం కింద కేసే. రిపేరుకో, లైసెన్స్ రెన్యువల్‌కో అయితే లైసెన్స్ ఉన్నాయన రాతపూర్వకంగా రాసిస్తే వేరేవాళ్ళు పట్టుకెళ్ళొచ్చు, 1959 చట్టంలో మూడో సెక్షన్‌లోనే ఉంది ఆ వెసులుబాటు. వేటకి తీసుకెళ్ళడానికి అది వర్తించదు.

సరే, నీ పేరు మీదకి మార్పించుకున్నావే అనుకో. గుంటూరులో అయితే కలెక్టరేట్‌లో అప్లై చేయాలి, మా బెజవాడలో అయితే పోలీస్ కమిషనర్ గారి దగ్గర. పోలీస్ ఎంక్వైరీ, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని కాగితం, మెడికల్ సర్టిఫికెట్, ఇవన్నీ అయ్యేసరికి నీ జూన్ వెళ్ళిపోతుంది. అది అయినాక కూడా దేశం దాటించడం వేరే సంగతి. అదే చట్టంలో పదో సెక్షన్ చదువు, ఆయుధం దేశంలోకి తేవాలన్నా బయటికి తీసుకెళ్ళాలన్నా దానికంటూ లైసెన్స్ ఉండాలి అంటుంది, చట్టప్రకారం ఆయుధం ఉన్నవాళ్ళు సొంత వాడకానికి తీసుకెళ్ళడానికి మాత్రం అందులోనే మినహాయింపు ఉంది. కానీ అది నీకు వర్తిస్తుందో లేదో కలెక్టరేట్‌లో, కస్టమ్స్‌లో ముందే కనుక్కోకుండా విమానం ఎక్కించకు. పైగా మీది పంట కాపలాకని ఇచ్చింది అంటున్నావు, నువ్వేమో విదేశంలో వేటకి అని రాస్తావు, ఆఫీసులో కూర్చున్నాయన మొదట అడిగేది అదే, ఇచ్చింది ఒకందుకు నువ్వు అడిగేది ఒకందుకు అని. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అన్న మాట వింటేనే ఫైలు పక్కన పెడతారు, వాళ్ళ తప్పు కూడా కాదు.

ఒకవేళ వెళ్ళిందనుకో, తిరిగి రావడం ఇంకా భయం. దిగిన చోట కస్టమ్స్‌లో ఏదన్నా ఒక్క కాగితం తక్కువైతే మీ తాతగారి తుపాకి వాళ్ళ మాల్‌ఖానాలో ఉండిపోతుంది. డబ్బు పోతే సంపాదించుకుంటాం, అది పోతే నాన్నగారికి ఏం సమాధానం చెప్తావు. నా మాట విని దాన్ని బీరువాలోనే ఉంచు. అక్కడ క్యాంపు వాళ్ళ దగ్గర రైఫిల్ అద్దెకి దొరుకుతుంది, వాళ్ళ ప్రొఫెషనల్ హంటర్ పక్కనుంటాడు, ఆయన చూస్తుండగా నువ్వు వాడతావు కాబట్టి నీకు విడిగా ఇంపోర్ట్ పర్మిట్ గొడవే లేదు.

ఏజెంట్ చెప్పింది మాత్రం అస్సలు వినకు. తుపాకి విషయంలో కాగితం ముందు, టికెట్ తర్వాత.

తెనాలి_టు_హ్యూస్టన్:

రావు గారు చెప్పింది అక్షరాలా కరెక్ట్. మీ బావగారి వైపు నేను చెప్తాను, నేను రెండుసార్లు సౌత్ ఆఫ్రికా వెళ్ళాను, ఒకసారి నా రైఫిల్‌తో, ఒకసారి అద్దె రైఫిల్‌తో.

మొదట అడగాల్సింది, బావగారికి గ్రీన్‌కార్డా సిటిజన్‌షిప్పా లేక ఇంకా హెచ్1బీనా? దాన్ని బట్టి మొత్తం మారిపోతుంది. గ్రీన్‌కార్డు అయితే కష్టం లేదు. అమెరికా నుంచి బయల్దేరక ముందు కస్టమ్స్ వాళ్ళ దగ్గర 4457 అని ఒక ఫారం మీద స్టాంపు వేయించుకోవాలి. ఒక్క పేజీ, ఫీజు లేదు. కంపెనీ, మోడల్, క్యాలిబర్, సీరియల్ నంబర్ రాసుకుని తుపాకిని ఖాళీ చేసి కేసులో పెట్టి కస్టమ్స్ ఆఫీసుకి పట్టుకెళ్తే ఆఫీసర్ కేసు తెరిపించి నంబరు చూసి సంతకం పెట్టి ముద్ర వేస్తాడు. వెళ్ళే ముందు ఫోన్ చేసి ఎప్పుడు రావాలో, తుపాకి ఎక్కడ దింపాలో అడగాలి, చెప్పాపెట్టకుండా కేసు పట్టుకుని లోపలికి నడవకూడదు. అమెరికాకి ఇది తిరిగి తెచ్చుకునేటప్పుడు నాదే అని చూపించుకోవడానికి, కానీ సౌత్ ఆఫ్రికా పోలీసులు దీన్నే ఓనర్‌షిప్ ప్రూఫ్‌గా చూస్తారు, కాబట్టి ఇది లేకపోతే ట్రిప్ లేనట్టే.

ఆ ఫారం పైన కుడి మూలన చిన్న అక్షరాల్లో ఒక ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. అది ఆ ఫారం ప్రింటుకి సంబంధించిన తేదీ, మన తుపాకి రిజిస్ట్రేషన్‌కి కాదు. కానీ సౌత్ ఆఫ్రికాలో దాన్ని చూసి ఇది అయిపోయింది అని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. పాత ఫారం మీద స్టాంపు ఉంటే దానితో వాదించుకోకుండా కొత్త ఫారం దించుకుని మళ్ళీ స్టాంపు వేయించుకోమనండి. గంట పని.

ఇక సౌత్ ఆఫ్రికా పర్మిట్. దాని ఫారం ఎస్ఏపీఎస్ 520, అక్కడి పోలీసులది, టెంపరరీ ఇంపోర్ట్ పర్మిట్ అంటారు. పోలీసులకి కట్టే ఫీజేం లేదు. నల్ల ఇంకుతో మాత్రమే నింపాలి, నీలం పెన్ను పనికిరాదు, సంతకం ఇంట్లో పెట్టేయకూడదు, అక్కడ ఆఫీసర్ ఎదురుగా పెట్టాలి. దాంతో పాటు పాస్‌పోర్ట్ కాపీ, రిటర్న్ టికెట్, స్టాంపు వేసిన 4457, క్యాంపు వాళ్ళిచ్చే ఇన్విటేషన్ లెటర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ ఏం వేటాడతాం అన్నది అందులో ఉండాలి, ఈ తుపాకి ఎందుకు తెస్తున్నానో మనం రాసుకున్న ఒక లెటర్. 21 ఏళ్ళు నిండనివాళ్ళకి ఇవ్వరు. సెమీ ఆటోమేటిక్ అయితే అస్సలు కుదరదు, బోల్ట్ యాక్షన్ తీసుకెళ్ళమనండి. ఒక్కో క్యాలిబర్‌కి ఒక్క తుపాకే, తూటాలు తుపాకికి 200 దాకా ఒప్పుకుంటారు కానీ అంతకంటే ముందు ఎయిర్‌లైన్స్ వాళ్ళ 5 కిలోల లిమిట్ తగులుతుంది. నేను 60 తీసుకెళ్తే 40 పైన మిగిలాయి.

దిగినాక చేతికి రాసిచ్చి క్యూలో నిలబడి తీసుకోవచ్చు, లేదా నెల ముందే పంపించి ప్రీ అప్రూవల్ తెప్పించుకోవచ్చు. రెండోదే మేలు. ఈ పనే చేసిపెట్టే సర్వీసు వాళ్ళుంటారు, డబ్బు తీసుకుంటారు కానీ ఎయిర్‌పోర్ట్‌లో మనిషి బోర్డు పట్టుకుని నిలబడి పోలీస్ ఆఫీసు దాకా తీసుకెళ్తాడు. 16 గంటల ఫ్లైట్ దిగినాక ఆ సాయం విలువ తెలుస్తుంది.

నాకు జరిగింది కూడా చెప్తా, ఎందుకంటే అందరూ ఇక్కడే దెబ్బతింటారు. నా రైఫిల్ బిల్లులో సీరియల్ నంబర్ మధ్యలో సున్నా అని కొట్టారు కొన్న షాపులో. నేను ఆ బిల్లు చూసే 4457 నింపాను, దాన్ని చూసే 520 నింపాను. మా కస్టమ్స్ ఆఫీసులో కూడా ఆ రోజు సరిగ్గా చూడలేదు. జొహానెస్‌బర్గ్‌లో ఒకావిడ కేసు తెరిపించి బోల్ట్ వెనక్కి లాగించి తూటా పెట్టే గది ఖాళీగా ఉందో లేదో వేలు పెట్టి చూసింది, తర్వాత చిన్న టార్చ్ తీసి గొట్టం మొదట్లో లోహం మీద చెక్కిన నంబరు ఒక్కో అక్షరం మీద గోరు పెట్టి పైకి చదువుతూ కాగితంతో పోల్చింది. నాలుగో అక్షరం దగ్గర ఆగిపోయింది. చెక్కింది సున్నా కాదు, ఇంగ్లిష్ ఓ. దగ్గరగా పెట్టి చూస్తే ఓ కాస్త గుండ్రంగా ఉంది, పక్కనున్న సున్నా కోలగా ఉంది. అన్నేళ్ళు నా దగ్గరున్న తుపాకి, ఆ తేడా ఆ రోజు దాకా నేను చూడలేదు. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది కానీ వదల్లేదు. తుపాకి వాళ్ళ దగ్గర పెట్టుకుని రసీదు ఇచ్చారు, కొత్త కాగితం వచ్చి నా చేతికి అందేసరికి రెండు రోజులు. ఆ రెండు రోజులు క్యాంపు రైఫిల్‌తో వేటాడా.

కాబట్టి బావగారికి చెప్పండి, బిల్లు చూసి కాదు, తుపాకి చూసి నంబరు రాసుకోవాలి. ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి ఓ కి సున్నాకి, బీ కి ఎనిమిదికి, ఐ కి ఒకటికి తేడా చూసుకోవాలి. అదే నంబరు 4457లో, 520లో, ఎయిర్‌లైన్ ఫారంలో, ఇన్విటేషన్ లెటర్‌లో రాసి ఉంటే అందులో కూడా, అన్నిటిలో ఒకేలా ఉండాలి.

బ్రాడీపేట_కుర్రోడు:

రావు గారూ, తెనాలి అన్నయ్యా, ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. నాన్నకి రావు గారి మెసేజ్ మొత్తం చదివి వినిపించా. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మాల్‌ఖానా" అన్న మాట ఇంకోసారి చదవమన్నారు. సరే వద్దులే అన్నారు.

బావకి గ్రీన్‌కార్డు వచ్చి ఏడాదిన్నర అయింది. కానీ బావ తమ్ముడు కూడా వస్తున్నాడు, తను హెచ్1బీ, తనకీ ఒక రైఫిల్ ఉంది, హంటింగ్ లైసెన్స్ ఉంది. బావ కొడుక్కి 17. వాళ్ళ సంగతేంటి? ఇంకోటి, బావ చవగ్గా ఉందని ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా టికెట్ చూస్తున్నాడు.

తెనాలి_టు_హ్యూస్టన్:

హెచ్1బీ సంగతి మన వాళ్ళలో చాలామందికి తెలియదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి దగ్గర పెట్టుకోకూడదు, ఏదన్నా ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు. అంటే ఆ తమ్ముడు లైసెన్స్ ఎక్స్‌పైర్ అవకుండా చూసుకుంటున్నంత కాలం పర్లేదు, ఒక్కరోజు గ్యాప్ వచ్చినా అది నేరం కిందకి వస్తుంది, వీసా స్టేటస్‌కే ఎసరు. ఇక దేశం బయటికి తీసుకెళ్తే తిరిగి తెచ్చుకోవడానికి గ్రీన్‌కార్డు వాళ్ళలా 4457 ఒక్కటే సరిపోదు, ఏటీఎఫ్ (తుపాకుల సంగతి చూసే అమెరికా ప్రభుత్వ శాఖ) వాళ్ళ దగ్గర 6ఎన్ఐఏ అనే ఫారం ముందే అప్రూవ్ చేయించుకోవాలి, దానికి వారాలు పడుతుంది. నా సలహా, తమ్ముణ్ణి తన రైఫిల్ ఇంట్లోనే పెట్టి అక్కడ అద్దెకి తీసుకోమనండి. ఉద్యోగం, పిల్లల చదువులు అన్నీ ఆ వీసా మీద ఉంటాయి, వేట కోసం దాన్ని ప్రమాదంలో పెట్టకూడదు.

17 ఏళ్ళ బాబు తన పేరు మీద తుపాకి దింపుకోలేడు, కానీ క్యాంపులో ప్రొఫెషనల్ హంటర్ పక్కనుండగా కాల్చొచ్చు. క్యాంపు వాళ్ళకి వయసు ముందే చెప్పండి.

ఆమ్‌స్టర్‌డామ్ వద్దు. అక్కడ తుపాకి విమానం మారినా కూడా డచ్ కస్టమ్స్ నుంచి ముందే అనుమతి ఉండాలి. ప్రతి ట్రాన్సిట్ దేశానికి ఒక్కో రూలు. అట్లాంటా నుంచి జొహానెస్‌బర్గ్‌కి డైరెక్ట్ ఉంది, డల్లాస్ నుంచి అట్లాంటా వెళ్ళి ఎక్కితే మధ్యలో మూడో దేశమే ఉండదు. రెండు మూడు వందల డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోమనండి.

పటమట_షూటర్:

నేను వేటకి ఎప్పుడూ వెళ్ళలేదు, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ షూటర్‌ని, మ్యాచ్‌ల కోసం బయటి దేశాలు వెళ్ళాను, ట్రాన్సిట్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. మన దగ్గర పాయింట్ వన్ సెవెన్ సెవెన్ ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, అందుకని చాలామంది పిల్లలు మామూలు సామాను లాగా తీసుకెళ్ళొచ్చు అనుకుంటారు. ఎయిర్‌పోర్ట్‌లో అలా చూడరు అండి, స్కానర్‌లో తుపాకి బొమ్మ కనిపిస్తే తుపాకే. నా మొదటి ట్రిప్‌లో విమానం మారే దేశానికి విడిగా అనుమతి కావాలని మా టికెట్లు బుక్ చేసినవాళ్ళు చూడలేదు. మేం దిగాం, బట్టల బ్యాగులు వచ్చాయి, రైఫిల్ కేసు రాలేదు. బెల్టు దగ్గర చివరి బ్యాగు వెళ్ళేదాకా నిలబడ్డా. మ్యాచ్‌కి ముందురోజు సాయంత్రం వచ్చింది, ప్రాక్టీస్ మొత్తం పోయింది, అప్పటికి రెండేళ్ళుగా ఆ మ్యాచ్ కోసమే కష్టపడ్డా. ఇప్పటికీ తల్చుకుంటే బాధేస్తుంది.

అప్పట్నుంచి నేను పాటించేవి చెప్తా. టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్స్‌కి మెయిల్ పెట్టి తుపాకి తీసుకెళ్తాను అని రాయించుకుంటా, ఫోన్‌లో సరే అన్న మాట కౌంటర్‌లో చెల్లదు, ప్రింట్ కావాలి. రెండు ఎయిర్‌లైన్స్ కలిసిన టికెట్ అయితే రెండింటి దగ్గరా. కేసు గట్టిది, తాళాలు రెండు పక్కలా, తాళంచెవి నా దగ్గరే. తూటాలు విడిగా తాళం ఉన్న పెట్టెలో. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ప్రతి కాగితం నాలుగు కాపీలు పెట్టుకుంటా, ఎందుకంటే ఒక్కో కౌంటర్‌లో ఒకటి తీసుకుని తిరిగివ్వరు. కనెక్షన్ మధ్య నాలుగు గంటలు తక్కువ లేకుండా చూసుకుంటా.

హైదరాబాద్ నుంచి వెళ్ళే తమ్ముడికి ఇంకో మాట, అడిస్ అబాబా మీదుగా టికెట్ అయితే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఆ పసుపు కార్డు పాస్‌పోర్ట్‌లో పెట్టుకో. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. తుపాకి లేకపోయినా, అక్కడ ఎంతసేపు ఆగావన్నదాన్ని బట్టి దీనికి ఆపేయొచ్చు.

పల్నాడు_రైతుబిడ్డ:

పర్మిట్లు సరే, మూగజీవాల్ని సరదాకి చంపడానికి లక్షలు పోసి వెళ్ళడం ఏంటి అన్నా? పందులు మా పంట తింటే కూడా మేం టపాకాయలు పేల్చి, డబ్బాలు కొట్టి, రాత్రంతా మంచె మీద కాపలా కాస్తున్నాం. నాకు మనసొప్పదు, చెప్పాలనిపించింది.

తెనాలి_టు_హ్యూస్టన్:

నీ బాధ నాకు అర్థమైంది తమ్ముడూ, మా నాన్న కూడా ఇదే అడిగారు. నేను చూసింది చెప్తా. అక్కడ 1991లో వచ్చిన ఒక చట్టం వల్ల సరిగ్గా కంచె వేసిన పొలంలో ఉన్న జంతువులు ఆ రైతు ఆస్తి కిందకి వచ్చాయి. దాంతో పశువుల్ని తీసేసి కూడూ, ఇంపాలా లాంటి జింకల్ని పెంచే రైతులు పెరిగారు. మేం వెళ్ళిన చోట ఏ జంతువుని ఎన్ని తీయాలో ముందే లెక్క ఉంటుంది, ముసలి మగవాటినే చూపిస్తారు, మాంసం ఒక్క ముక్క పారేయరు, క్యాంపు పనివాళ్ళ ఇళ్ళకీ వెళ్తుంది. ఐనా నీకు మనసొప్పకపోతే తప్పు లేదు, మంచె మీద కాపలా కాసేవాడికి మాట్లాడే హక్కు ఉంది.

ప్రశ్న అడిగిన తమ్ముడికి, కొమ్ములు, తోలు ఇండియాకి తెచ్చుకుందాం అని మాత్రం అనుకోకు. అడవి జంతువుల భాగాలు దేశంలోకి తేవడం నిషేధం, కస్టమ్స్‌లో పట్టుకుంటే పెద్ద కేసు. బావగారైతే అమెరికా వన్యప్రాణి శాఖ డిక్లరేషన్ నింపి అక్కడికి తెప్పించుకోవచ్చు. నువ్వు ఫోటోలు తెచ్చుకో.

కృష్ణలంక_రావు:

నాన్నగారి మాట ఆలోచించా తమ్ముడూ. ఆ రైఫిల్ నీ పేరు మీదకి మార్పించుకునే పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు, ఈ ట్రిప్ కోసం కాదు, ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే దగ్గరుండి సంతకాలు పెడితే రేపు నీకు తిప్పలుండవు. మాచర్ల ఇప్పుడు పల్నాడు జిల్లాలోకి పోయింది, మీ లైసెన్స్ పుస్తకం మీద గుంటూరు అనే ఉంటుంది, నీ ఆధార్ అడ్రస్ ఏ జిల్లాలో ఉందో చూసుకుని ఏ కలెక్టరేట్‌కి వెళ్ళాలో ముందు కనుక్కో. పుస్తకంలో యూఐఎన్ (లైసెన్స్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు) నంబర్ ఎక్కించారో లేదో కూడా చూడు, పాత లైసెన్స్‌లలో కొన్నిటికి ఎక్కించకుండా వదిలేశారు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే, లైసెన్స్ ఐదేళ్ళకి ఇస్తున్నారు.

బ్రాడీపేట_కుర్రోడు:

అందరికీ అప్‌డేట్ అండి. నేను అద్దె రైఫిలే అని క్యాంపు వాళ్ళకి మెయిల్ పెట్టా, బావ తమ్ముడూ అంతే. యూఐఎన్ ఉంది రావు గారూ, పుస్తకంలో రెండో పేజీలో, నాన్నే చూపించారు. సోమవారం కలెక్టరేట్‌కి ఇద్దరం వెళ్తున్నాం.

తెనాలి అన్నయ్యా, మీ మెసేజ్ బావకి పంపితే రాత్రి తన రైఫిల్ నంబరు ఫోటో తీసి పంపాడు. ముగ్గురం వీడియో కాల్‌లో పెద్దది చేసి చూశాం. బావ పాత 4457లో ఎనిమిది అని ఉంది, తుపాకి మీద బీ ఉంది. ముందు చూసింది నాన్న, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి ఫోన్ దగ్గరగా పెట్టుకుని ఇది ఎనిమిది కాదురా, ఎడమ పక్క గీత నిటారుగా ఉంది అన్నారు. బావ శుక్రవారం కొత్త ఫారం పట్టుకుని కస్టమ్స్ ఆఫీసుకి వెళ్తున్నాడు, టికెట్ ఇంకా కొనలేదు.